నల్లకుక్క శనివారం

కుక్కకి వారాలు తెలుస్తాయా? మా ఊళ్లో సిద్ధగోరా పేట అవతల ఉన్న కుక్కల శరణాలయానికి సాయం చేయడానికి వెళ్తున్నప్పటి నుంచీ నాకిదే సందేహం. శని దోషం పోవాలంటే నల్లకుక్కకి ఆవనూనె రాసిన రొట్టె పెట్టాలని ఈ ఊళ్లో నమ్మకం. అందుకని శనివారం వచ్చే జనానికి అన్ని కుక్కల్లోనూ నల్లది ఒక్కటే కనపడేది. అదీ గేటు చప్పుడైతే చాలు, తోక ఊపుకుంటూ ముందుండేది. అంతమంది తినిపించారు గానీ, ఇంటికి తీసుకెళ్తామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

దాని లివర్ పాడైందని డాక్టరు చెప్పాక, శరణాలయం నడిపే టీచరమ్మ జనం చేత్తో పెట్టే ఆ తిండి మాన్పించేసింది. ఏం తెచ్చినా వంటగదిలో ఇవ్వాల్సిందే.

సరిగ్గా అప్పుడే మా నాన్నకి గుండె ఆపరేషనైంది. ఆయన కోలుకోవాలని అమ్మ మొక్కుకుని, రొట్టెల డబ్బాతో నా వెంట వచ్చింది.

"ఒక్క రొట్టేగా! నా చేత్తో పెడితే ఏటవుతాది?"

"మొక్కు మీది అక్కా, కడుపు దానిది," అంది టీచరమ్మ.

అమ్మ ముఖం మాడ్చుకుంది. టీచరమ్మ అటు తిరగ్గానే కంచె సందులోంచి ఒక రొట్టె లోపలికి తోసేసింది. నేను చూసేసరికే నల్లది మింగేసింది.

మర్నాడు అది వాంతులతో పడిపోయిందని ఫోనొచ్చింది. ఆ సాయంత్రమే కద్మా నుంచి మా మేనత్త నేతి లడ్డూలు తెచ్చింది. తమ్ముడికి తన చేత్తో తినిపించాలని ఆవిడ ముచ్చట. నాన్న నోరు తెరిచేలోపే అమ్మ అడ్డం పడింది.

"వద్దు వదినా! మీ ముచ్చట మీకు తీరిపోద్ది, తర్వాత ఆయాసపడేది ఈయన."

"ఒక్క లడ్డూయేగా!" అంది అత్త.

అమ్మ టక్కున ఆగిపోయి నా వంక చూసింది. నాకు నవ్వాగలేదు.

"ఏటే, పళ్లికిలిత్తన్నావ్?"

తర్వాతి శనివారం డబ్బాలో నూనె చుక్క లేకుండా, గుమ్మడికాయ వేసి ఉడికించిన అన్నం తెచ్చింది. వంటగదిలో ఇచ్చేసి కంచె ఇవతల కూర్చుంది. నల్లది వచ్చి, ఖాళీ చేతులు వాసన చూసి, లాభం లేదనుకుని వెళ్లి పడుకుంది. దానికి తెలిసింది శనివారం కాదు, ఆవనూనె. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది, నాకు జాలేసింది.

ఆదివారం పొద్దున్నే నన్ను లేపి ఫోన్ చేయించింది.

"వాంతి చేసుకుందేటి?"

"లేదట."

"అయితే నా మొక్కు తీరినట్టే," అని నాన్నకి జావ కాయడానికి వెళ్లింది.