మా పిల్లకి దేవుడితో మాటల్లేవు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, చర్చిలో మొదటి పాట ఎత్తుకునే వేళకి, మా అమ్మాయి ఆసుపత్రిలో పోయింది. ఇరవై ఆరేళ్ళు. ఆరు రోజుల జ్వరం. అనకాపల్లిలో జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళలో చాలామందికి మా పిల్ల తెలుసు. జాకెట్టు బిగుతైపోయిందని ఎవరైనా తెస్తే, "నువ్వు లావయ్యేవు" అని ఏనాడూ అనలేదు. "గుడ్డ ముడుచుకుంది పిన్నీ, ఇలా ఇయ్యి" అని కుట్టు విప్పి వదులు చేసి ఇచ్చేది.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి వారం పట్టింది. రాయడం మొదలుపెడితే భయమే ముందుకొస్తోంది. ఆ భయమేమిటో మీకు చెప్పాలి.

మూడేళ్ళ క్రితం మా ఇంటాయన మంచాన పడ్డప్పుడు నేనూ మా పిల్లా ఉపవాసాలుండి ప్రార్థన చేశాం. ఆయన బతకలేదు. ఆ తర్వాత ఆదివారం చర్చికి రమ్మంటే మా పిల్ల కదల్లేదు.

"నాను రాను. నాకు మాటల్లేవు."

"ఎవరితోనే?"

"దేవుడితో. అంతలా అడిగేం, ఇన్నాడా? నువ్వెల్లు. ఎవరైనా అడిగితే కుట్టుపనుందని సెప్పు."

పక్కింటివాళ్ళతో తగువు పడ్డట్టు చెప్పింది. నాకు నవ్వొచ్చింది. రెండు వారాలు పోతే సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. బాప్తిస్మం తీసుకోలేదు. ఒకసారి నాకు ఒళ్ళు మండి అనేశాను.

"ఎండిపోయిన తీగల్ని ఏటి సేత్తారో వాక్యంలో ఉంది. పొయ్యిలో ఎడతారు. సూసుకో!"

అది సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే, "ఎట్టనీలే. నీకు వంటకైనా పనికొత్తాను" అంది.

ఆ మాట అన్న నోరు నాదే. మా పిల్లని మట్టిలో పెట్టి వచ్చాక ఇంటి దగ్గర ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు నన్ను ఓదార్చడానికే ఆ వాక్యం ఎత్తారు. ప్రభువు ద్రాక్షావల్లి, మనం తీగలం, తండ్రి తోటమాలి. అంతవరకూ బాగానే విన్నాను. ఫలించని తీగని తీసి పారేస్తాడన్న దగ్గరికి వచ్చేసరికి నేనన్న పొయ్యి మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆయన ఏం చెప్పారో నాకు తెలీదు. ఇంటికొచ్చాక పొయ్యి వెలిగించలేదు. పది రోజులు పక్కింటావిడే అన్నం తెచ్చి పెట్టింది.

పదకొండో రోజు పాస్టరుగారింటికి వెళ్ళాను.

"అయ్యగారూ, నా పిల్లని తీసి పారేసేడా?"

ఆయన గాబరాపడి కుర్చీ వేశారు. "అమ్మా, అక్కడ తీయడం అన్న మాటకి మూలభాషలో పైకెత్తడం అని కూడా అర్థం ఉందంటారు కొందరు. నేల మీద పడిపోయిన తీగని తోటమాలి ఎత్తి కడతాడని."

"కొందరేనా? మిగతావోళ్ళు?"

"మిగతావోళ్ళు కోసేత్తాడనే అంటారు."

"మరి నా పిల్లకి ఏ అర్థం?"

ఆయన అబద్ధం ఆడలేదు. అందుకు నేను ఆయనకి రుణపడి ఉంటాను. "నాకు తెలీదమ్మా. మాట దగ్గర అనుమానం వత్తే తోటమాలి ఎలాంటోడో సూడాలి. నాకు తెలిసింది అంతే" అన్నారు.

మా ఊరు కశింకోటకి తిరిగొచ్చే ఆటోలో కూర్చున్నాక పోయినేడాది గాలివాన గుర్తొచ్చింది. మా పెరట్లో దొండపందిరి ఒక పక్కకి కూలి, తీగలన్నీ బురదలో పడ్డాయి. నేను కొడవలి పట్టుకెళ్తే మా పిల్ల వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, కత్తెట్టకు! పడిపోయినోళ్ళందర్నీ కోసేత్తావేటి?"

"కాపు లేదు గదే. ఇంకెందుకది?"

"బురదలో ముకం ఎట్టుకుని ఉంటే ఏటి కాత్తాది? నువ్వూ కాయవు."

ఒక్కొక్క తీగనీ ఎత్తి, చెంబుతో నీళ్ళు పోసి బురద కడిగి, జాకెట్టు ముక్కలతో పందిరికి కట్టింది. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి. "మీ పందిరికి పెళ్ళేటే?" అని పక్కింటావిడ ఆటపట్టించింది. కొన్ని తీగలు ఎండిపోయాయి. చాలా తీగలు పూశాయి. దేవుడితో మాటల్లేని పిల్ల ఆ తోటమాలి పనే చేస్తోందని ఆరోజు నాకు తట్టలేదు. నేనింకా కొడవలి పట్టుకునే నిలబడ్డాను.

ఇంత తెలిసినా భయం పోయిందని చెప్పలేను. ఇప్పుడు పొయ్యి వెలిగిస్తున్నాను, అంతే. మీలో ప్రార్థన చేసేవాళ్ళుంటే మా పిల్లని తలుచుకుని చెయ్యండి.

ఆసుపత్రిలో చివరి పొద్దున దానికి తెలివి లేదు. నా చెయ్యి పట్టుకోమని దాని వేళ్ళు నా వేళ్ళకి చుట్టాను. జారిపోయాయి. మళ్ళీ చుట్టాను. మళ్ళీ జారాయి. ఇక నేనే దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నర్సమ్మ జరగమంటే ఆ చెయ్యి వదలకుండానే గోడవైపు జరిగాను. ఏళ్ళ తరబడి కత్తెర పట్టి దాని బొటనవేలికి కాయ కాసింది. చెయ్యంతా మెత్తబడిపోయినా ఆ ఒక్క కాయ మాత్రం చివరిదాకా గట్టిగా నా అరచేతికి తగులుతూనే ఉంది.