నా బదులు మొక్కుకున్నవాళ్లు

పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చేసి తీసేయాలి అని డాక్టరు చెప్పగానే నేను అడిగిన మొదటి మాట, ఆ తర్వాత ఎన్నాళ్లు పడుకోవాల్సి ఉంటుందని. ఆయన నేను భయపడుతున్నాననుకున్నారు. చిన్న ఆపరేషనేనమ్మా, పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తాం, మర్నాడే ఇంటికి పోవచ్చు, కొద్దిరోజుల్లోనే పనిలోకి వెళ్లొచ్చు అని ధైర్యం చెప్పారు. కొద్దిరోజులేనా అనిపించింది నాకు. కనీసం నెలరోజులు మంచం దిగొద్దంటే బాగుండునని ఆ గదిలో కూర్చుని ఆశపడ్డాను.

అప్పటికి అంతగా అలిసిపోయి ఉన్నాను. మా ఇల్లు తిరుపతిలో. ఉద్యోగం చిత్తూరులో, ఒక ప్రభుత్వ కార్యాలయంలో. ఏళ్ల తరబడి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మా ఆయన ఊళ్లోనే ఒక గుడి పోటులో, అంటే స్వామివారి నైవేద్యాలు వండే వంటశాలలో, పని చేస్తారు. ఆయన తెల్లవారకముందే వెళ్లాలి కాబట్టి నేను అంతకంటే ముందే లేవాలి. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తగారూ. మా అమ్మాయి బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆపరేషన్ మాట విని వస్తానంది గానీ, ఇంత చిన్నదానికి సెలవు అడగొద్దని నేనే ఆపాను. ఎవరైనా వస్తే వాళ్లకు వండిపెట్టాలి కదా అన్నది నా అసలు బాధ. కన్నకూతురు గురించి కూడా అలా ఆలోచించేంత అలసట అది. ఆదివారం పొద్దున లేచినా ఒళ్లు ఇంకా బస్సులోనే ఉన్నట్టుండేది.

నొప్పి మొదట వచ్చింది కూడా బస్సులోనే. పూతలపట్టు దాటాక కుడివైపు పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకింది. నాతో రోజూ వచ్చేవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు చంద్రగిరిలో ఎక్కే అక్క. నాకంటే పెద్దది. సేద్యం చేసే ఇంటి మనిషి, చిత్తూరు కోర్టులో ఉద్యోగం. ఇంకొకరు చిత్తూరులో బడిలో లెక్కలు చెప్పే టీచరు. నాకంటే చాలా చిన్నది, క్రైస్తవుల ఇంటి పిల్ల. ఆ రోజు వాళ్లిద్దరూ నన్ను ఆఫీసుకు పోనివ్వలేదు. చిత్తూరు బస్టాండులో దిగీ దిగగానే తిరుగు బస్సు ఎక్కించారు. అక్క సెలవు పెట్టి నాతో వచ్చింది. టీచరు బడికి పోక తప్పలేదు గానీ, మేం తిరుపతిలో ఆసుపత్రికి చేరేదాకా ఫోన్ చేస్తూనే ఉంది.

రక్తపరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. నాకు చక్కెర ఉంది, బాగా ఎక్కువగా ఉంది. అది దిగితే గానీ ఆపరేషన్ చెయ్యనని, చేసినా గాయం మానదని డాక్టరు చెప్పేశారు. రాత్రిపూట ఏం తింటారమ్మా అని అడిగితే నేను తల వంచుకున్నాను.

నేను తినేది ప్రసాదం. మా ఆయన తెచ్చే పొంగలి, పులిహోర, ఒక్కోరోజు చక్కెర పొంగలి. ఇంటికి చేరేసరికి పొయ్యి వెలిగించే ఓపిక నాకు ఉండదు. అత్తగారికి ఒక ముద్ద చాలు, మా ఆయనకు వండీ వండీ తినబుద్ధి కాదు. మిగిలింది నా భోజనం. నెయ్యి కారే పొంగలి తిని అలాగే పడుకోవడం ఎన్నేళ్ల నుంచో అలవాటైపోయింది. స్వామి ప్రసాదం తిని జబ్బు తెచ్చుకున్నానని పరాయి మనిషి ముందు ఎలా చెప్పను? పక్కన నిలబడ్డ అక్కే చెప్పింది.

"రాత్రికి వండుకునేదానికి ఈమెకు చేతగాదు సార్. గుడి పొంగలి తిని పండుకుంటాది. ఇంగ చక్కెర రాక ఏమొస్తాది?"

డాక్టరు నవ్వలేదు. కళ్లకద్దుకుని ఒక్క మెతుకు నోట్లో వేసుకోండి, కడుపు నింపుకోవడానికి వేరేది తినండి అని చెప్పి మాత్రలు రాశారు.

మాత్రలు వేసుకోవడం తేలిక. మా ఇంట్లో ప్రసాదం వద్దనడం తేలిక కాదు. మా అత్తగారు ఎనభై దాటిన మనిషి. వంట ఎప్పుడో మానేశారు గానీ, ఇంటి దేవుడికి పొద్దున ఒక చిన్న గిన్నెలో అన్నం వండి నైవేద్యం పెట్టే పని మాత్రం ఇంకొకరికి ఇవ్వరు. రాత్రి ప్రసాదం వడ్డించేదీ ఆమే. ఆ రోజు ఆమె గరిటెతో పొంగలి తెస్తుంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, డాక్టరు వద్దన్నారు అన్నాను. ఆమె గరిటెలోది మళ్లీ గిన్నెలో వేసేశారు. తర్వాత గిన్నెకు మూత పెట్టి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నాకు బాధపడే ఓపిక లేక నేనూ ఊరుకున్నాను.

మా ఆయన మా ఇద్దరి మధ్యా మౌనంగా తిరిగేవారు. ఒకనాడు మాత్రం, ఏం మొక్కుకున్నావు అని నన్ను అడిగారు. ఏమీ మొక్కుకోలేదన్నాను. ఆయన నమ్మలేదు. కానీ నిజంగానే నేను ఏమీ మొక్కుకోలేదు. మొక్కుకుంటే తర్వాత తీర్చాలి. నడిచి కొండెక్కుతానందామంటే మోకాళ్లు రావు. వారం వారం తిరుచానూరు వెళ్లి అమ్మవారిని సేవించుకుంటానందామంటే, ఆ ఒక్క సెలవు రోజూ మళ్లీ బస్సు ఎక్కాలి. దీపం ముందు నిలబడి కళ్లు మూసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది. చిన్నప్పటి నుంచి గుడి గంటల మధ్య పెరిగినదాన్ని, నాకు భక్తి పోయిందా అని దిగులు కలిగేది. ఆ దిగులునూ ఎక్కువసేపు మోయలేకపోయేదాన్ని.

ఈ మాట బస్సులో వాళ్లిద్దరితో అన్నాను. టీచరు, నీ తరఫున నేను ప్రార్థన చేస్తే ఏమన్నా అనుకుంటావా అక్కా అని అడిగింది. ఎప్పుడు అన్నాను. ఇప్పుడే అంది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తల వంచి, ముందుసీటు వాళ్లకు కూడా వినపడనంత మెల్లగా మొదలుపెట్టింది. నా నుదుటి మీద ఎర్రటి శ్రీచూర్ణం బొట్టు, ఆమె నోట ప్రభువా అన్న పిలుపు. మా వీధి వాళ్లెవరైనా ఎక్కారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఆమె నా గురించి చెప్పింది, మా అత్తగారి మనసు గురించి చెప్పింది, డాక్టరు చేతులు వణకకుండా చూడమంది. తర్వాత ఏమడిగిందో నాకు తెలియదు. నిద్రపోయాను. చిత్తూరులో ఆమె భుజం తట్టి లేపినప్పుడు సిగ్గుపడి క్షమించమన్నాను.

"దానికేముందక్కా," అంది. "విశ్రాంతి ఇయ్యమని కూడా అడిగినాను."

అక్క ప్రార్థనలు చేసే మనిషి కాదు. ఆమె నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా తిరుపతి గంగమ్మకు మొక్కేసింది. వచ్చే ఏడు జాతరకు తనే వచ్చి పొంగలి పెడుతుందట. నేనేం చెయ్యాలక్కా అంటే, నువ్వేమీ చెయ్యొద్దు, గమ్మున ఉండు, అది నాకూ ఆయమ్మకూ మధ్య మాట అంది.

చక్కెర దిగాలంటే నడవాలని, బస్టాండు నుంచి ఆఫీసుకు ఆటో ఎక్కడం వాళ్లు మాన్పించారు. ముగ్గురి దారీ చాలావరకు ఒకటే కాబట్టి నన్ను మధ్యలో పెట్టుకుని నడిపించేవారు. అది మామిడి కాలం. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉండేవి. ఎండలో మాగిన కాయల వాసన గొంతులోకి దిగేది. తినకూడదు. కాళ్లు లాగుతున్నాయని నేను సణిగితే వాళ్ల కబుర్లలో వాళ్లుండేవారు. ఆఫీసు గేటు దగ్గర వదిలేటప్పుడు మాత్రం టీచరు నా బాటిల్లో నీళ్లున్నాయో లేదో చూసేది.

ఒక ఆదివారం అక్క రాగిపిండి తీసుకుని మా ఇంటికి వచ్చింది. నేను లోపలి గదిలో పడుకుని ఉన్నాను. లేవొద్దని సైగ చేసి, ముందు గదిలో అత్తగారి దగ్గర కూర్చుంది. వాళ్ల మాటలు వినాలనుకుంటూనే నిద్రలోకి జారిపోయాను. లేచేసరికి అక్క వెళ్లిపోయింది. వంటింట్లోంచి రాగి ఉడికే వాసన వస్తోంది. మా ఇంట్లో రాగి వండగా నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూడలేదు. వెళ్లి చూస్తే అత్తగారు మడిచీర కట్టుకుని, ఒక చేత్తో గట్టు పట్టుకుని, ఇంకో చేత్తో జావ కలుపుతున్నారు. నేను కలుపుతానంటే తప్పుకొమ్మన్నారు. దించి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, రోజూ నైవేద్యం పెట్టే వెండి గిన్నెలోకి వంచారు. పైన తులసి వేసి దేవుడి ముందు పెట్టారు. గంట కొట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఆ గిన్నె నా చేతికి ఇచ్చారు.

"ఇప్పుడు ఇదీ ప్రసాదమే. వద్దనేదానికి లేదు. తాగు."

తాగాను. ఉప్పు ఎక్కువైంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె కదల్లేదు. అక్క మీతో ఏం చెప్పిందత్తయ్యా అని అడిగాను.

"ఏం చెప్తాది? నీకు ఒళ్లు బాగలేదు, శానా అలిసిపోయినావు అని చెప్పింది. డాక్టరు వద్దన్నాడని నాకు చెప్పినావే గానీ, ఆ మాట నువ్వు చెప్పినావా?"

చెప్పలేదు. ఆమెకు చెప్పాలని కూడా నాకు తోచలేదు. ఆ రోజు నుంచి రాత్రిపూట ఆమె జావ కాచి, దేవుడికి చూపించి, నాకు ఇచ్చేవారు. గుడి ప్రసాదం మాత్రం చిటికెడు తెచ్చి నా అరచేతిలో పెట్టేవారు.

చక్కెర దిగింది. డాక్టరు రోజు ఖాయం చేశారు. ఆ పొద్దున మంచినీళ్లు కూడా తాగకూడదన్నారు. మా ఆయన గుడి నుంచి తీర్థం తెస్తే నర్సు ఒప్పుకోలేదు. ఆయన ఏం చెయ్యాలో తెలియక నా తల మీద చిలకరించి ఊరుకున్నారు. ఒంటి మీద బంగారం, వెండి ఉండకూడదంటారని అత్తగారికి ఎవరో ముందే చెప్పారు. తాళి తీయించి, ఆ చోట పసుపుతాడు కట్టి పంపారు. మెట్టెల సంగతి ఎవరికీ గుర్తు లేదు. పెళ్లినాటివి. వేళ్లు లావై వాటిని పట్టేసుకున్నాయి. రాకపోతే కత్తిరించాలంది నర్సు. ఆ రోజూ సెలవు పెట్టి వచ్చిన అక్క, మా ఆయన ముఖం చూసి ఆయన్ను బయట కూర్చోమంది. సబ్బూ దారమూ తెప్పించి, నా మంచం దగ్గర నేల మీద కూర్చుంది. పెద్దది నా కాళ్లు పట్టుకోవడం ఇష్టం లేక నేను వెనక్కి లాక్కున్నాను.

"కాళ్లు ఈడ పెట్టు. ఆవుల గిట్టలు కడిగిన చేతులే ఇవి. నీ కాళ్లకేమొచ్చింది?"

వేలికి దారం బిగించి చుట్టి, సబ్బు నురగ పూసి, మెట్టెను మెల్లగా తిప్పుతూ లాగింది. మొదటిది వచ్చింది. రెండోదానికి చాలాసేపు పట్టింది.

"భయంగా ఉండాదా?" అని తల ఎత్తకుండానే అడిగింది.

"లేదక్కా. ఎప్పుడు మత్తిస్తారా, ఎప్పుడు పడుకుందామా అని ఉండాది."

అప్పుడు తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. నాకు ఏడుపు వచ్చింది. రాళ్లు బయటపడ్డప్పటి నుంచీ రానిది, ఒక మెట్టె ఊడిన వేలు చూసుకుంటూ వచ్చింది. అక్క ఏడవొద్దని అనలేదు. రెండో మెట్టె కూడా తీసి, నా కాళ్లు తడిగుడ్డతో తుడిచి, రెండింటినీ కొంగున ముడేసుకుంది.

అంతా సిద్ధమయ్యాక, ఎవరిదో అత్యవసరమైన కేసు వచ్చిందని నన్ను మధ్యాహ్నం దాకా ఆపారు. నోరు పిడచకట్టుకుపోయింది. టీచరు భోజనం వేళ ఫోన్ చేసి, ఇంకా కాలేదా అని విసుక్కుంది, తర్వాత నా చెవిలో నాలుగు మాటలు ప్రార్థన చెప్పి పెట్టేసింది. చివరికి లోపలికి తీసుకెళ్లారు. గది చల్లగా ఉంది. దేవుణ్ణి తలుచుకోవాలి కదా అనుకున్నాను. అత్తగారు దీపం దగ్గర, టీచరు బడిలో, మా ఆయన వరండాలో ఆ పనే చేస్తుంటారు, చాలులే అనిపించింది. అంతే గుర్తుంది.

మెలకువ వచ్చాక పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పి పుట్టింది. గుండెకు ఏదో అయిందని హడలిపోయాను. పొట్టలో నింపిన గాలి వల్ల అలా ఉంటుంది, తగ్గిపోతుంది అని నర్సు చెప్పింది. తగ్గడానికి టైము పట్టింది.

అలసట రాళ్లతో పాటు పోలేదు. ఇంటికి వచ్చాక పడక దొరికింది గానీ, పరామర్శలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతివాళ్లకూ లేచి కూర్చుని, రాళ్లు ఎంతలావు ఉన్నాయో చెప్పాలి, కుట్లు మానుతున్నాయని చెప్పాలి, కాఫీ తాగి వెళ్లమనాలి. ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. మా ఆయన గుడిలో పనిచేసేవాళ్లు, భార్యాభర్తలు. నేను చెయ్యి ఆనించి లేవబోతుంటే అత్తగారు వాకిట్లోకి వెళ్లారు.

"నిద్రపోతా ఉండాది. లేపను. ఇంకోసారి రండి," అనడం వినిపించింది.

అబద్ధం ఆడని మనిషని ఆమెకు వీధంతా పేరు. వాళ్లను పంపించి లోపలికి వచ్చి, మంచం మీద సగం లేచి ఉన్న నన్ను చూశారు.

"నాచేత ఆ మాట చెప్పించినావు. ఇంగ పండుకో," అని కిటికీ రెక్క మూసి వెళ్లిపోయారు.

పొద్దు వాలేదాకా నేను లేవలేదు.