తలుపు లేని కొట్టు

మొన్న నారాయణఖేడ్ బస్టాండు బయట ఆటో కోసం నిలబడితే జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు వినిపించింది. గబుక్కున తిరిగి చూశాను. మా మేనత్త కాదు, ఎవరో కొత్తామె. అయినా ఎల్లిపాయ కారం వాసనకు ఆకలి లేచింది, దాని వెనకే పాత అలసటా లేచింది.

మా అత్త అక్కడే నాలుగు గుంజలు పాతి, పైన పరదా కట్టి రొట్టెలు అమ్మేది. అదే ఆమె బతుకు. డ్రైవర్లు, కండక్టర్లు డ్యూటీ దిగి నేరుగా ఆమె రొట్టెలు కాల్చే పెంక దగ్గరికే వచ్చేవారు. ఒకనాడు ఒక ఆఫీసువాళ్లొచ్చి (ఏ ఆఫీసో ఎందుకులెండి, మళ్లీ ఆ మెట్లెక్కే ఓపిక నాకు లేదు) చోటు ఖాళీ చేయించాలని నిర్ణయమైందంటూ గుంజలు పీకేశారు. ఆమెను ఒక్క మాట అడిగినవాడు లేడు. హైదరాబాదులో పెద్దకోర్టుకు వెళ్లాం. మా వకీలు ఇంగ్లీషులో ఏదో మాట్లాడి ఇంకో వాయిదా తెచ్చాడు. "నా జాగ ముచ్చట నాకు తెల్వకుంట మాట్లాడుకునుడేంది? ఇగ నేనే చెప్పుకుంట," అంది అత్త. వద్దంటే వినే మనిషైతే మా అత్తెందుకవుతుంది?

ఇక ప్రతి వాయిదాకూ తెల్లవారుజాము బస్సు, సాయంత్రం దాకా బల్లమీద కూర్చోవడం, పేరు పిలవకపోతే మళ్లీ బస్సు. ఏళ్లు గడిచాయి. విసుగంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. ఆమె మాత్రం రొట్టెల మూట విప్పి పక్కవాళ్లకు కూడా పెట్టేది. చివరికి వంతు వచ్చిననాడు, ముందే నోటీసు కొట్టు తలుపుకు అంటించామని ఆఫీసు తరఫు వకీలు చెప్పాడు. జడ్జి ఆ మాట తెలుగులో చెప్పి, ఏమంటావని అడిగారు. అత్త కొంగు సర్దుకుంది.

"నాలుగు గుంజలు, ఒక పరదా సారూ. తలుపే లేదు. ఏ తలుపుకు అంటిచ్చిండ్రు?"

వకీలు కాగితాలన్నీ తిరగేశాడు. తలుపు అందులో దొరకలేదు.

గెలిచాం. గెలుపంటే, అదే ఆఫీసు ఆమె మాట విని మళ్లీ నిర్ణయించాలట. మళ్లీ అవే మెట్లు. కొత్త ఆఫీసరు కుర్చీ చూపించి "చెప్పమ్మా" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలె సారూ? యాష్టకొచ్చింది. గీ మాట గప్పుడే అడిగితే అయిపోవు గద," అంది. ఆయన చోటు ఆమెకే రాసిచ్చాడు.

మరునాడే గుంజలు పాతాం. పెంక మధ్యాహ్నం దాకా ఊరికే కాలింది. పాత డ్రైవర్లు బదిలీ అయ్యారు, ఉన్నవాళ్లు ఎదుటి హోటలుకు అలవాటు పడ్డారు. అత్త చల్లారిన రొట్టెలు మూట కడుతూ, "జాగ గెలిసిన బిడ్డా. గని ఆకలైనోళ్లు వాయిదా దాక ఆగుతరా?" అంది. నాకు ఏడుపొచ్చింది. కోర్టు ఆమె చోటు ఆమెకిచ్చింది. అక్కడ ఆమె కూర్చోవలసిన ఏళ్లను ఇమ్మని ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు.