సూదితో మూయించిన కార్ఖానా

నేనొక కార్ఖానాను మూయించాను. సమ్మె లేదు, కరెంటు కోతా లేదు. అది నా ఒంట్లోనే ఉంది మరి. ఆ ఘనకార్యం వినండి.

ఆమదాలవలసలో నాది నీళ్ల మోటార్ల దుకాణం. మేనమామ కూతురు భవానిని చేసుకున్న రెండో ఏడాదికే పిల్లలేరంటూ చుట్టాలకు తొందర. పరీక్షలన్నీ భవానికే, మాటలూ భవానికే. చివరికి శ్రీకాకుళంలో డాక్టరమ్మ, "ఈసారి మీవారికి పరీక్ష చేద్దాం" అంది. నాకు పంతం పుట్టింది. పరీక్షంటే ఫస్టుక్లాసులో పాసవ్వాల్సిందే!

జిమ్ము గోపిగాడిని అడిగాను.

"మగ హార్మోను సూది ఉన్నాది మావా. ఏసుకున్నావంటే ఎద్దులాగ అయిపోతావు."

"పిల్లలు పుడతారేటి?"

"కవలలే!"

ఆబోతుకే గానీ ఎద్దుకు పిల్లలు పుట్టరన్న సంగతి, రైతు కొడుకునై ఉండీ నాకు తట్టలేదు చూడండి!

భవానికి తెలియకుండా నెలల తరబడి పొడిపించుకున్నాను. చొక్కాలు బిగుతయ్యాయి. పరీక్ష చేయించుకుని, రిపోర్టు కోసం పెళ్లికొడుకులా కూర్చున్నాను.

"వీర్యకణాలు సున్నా" అంది డాక్టరమ్మ. "మందులేమైనా వాడారా?"

భవాని ఎదుటే అంతా కక్కేశాను.

"ట్యాంకు నిండగానే మోటారును ఆపే స్విచ్చి తెలుసా?" అంది డాక్టరమ్మ.

"నేనే బిగిస్తానండి!"

"మెదడులోనూ అలాంటిదే ఉంది. మీరు బయటి హార్మోను పోశారు. ఇక చాలనుకుని, అది వృషణాలకు పని చెప్పడం మానేసింది. సూదులు ఆపండి. కోలుకోడానికి నెలలు పట్టొచ్చు. చూద్దాం."

బయటికొచ్చాక భవాని ఏడ్చేసింది. "అందరూ నన్నే అంటంటే, నువ్వు సాటుగా సూదులేయించుకున్నావా బావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "ఏటి సెయ్యమంటావో సెప్పు. ఏదైనా సేస్తాను!"

"ఏటీ సెయ్యకు!"

నాలాంటి పంతగాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా? మునగాకు పొడి తెస్తే లాక్కుంది. కషాయం కాస్తే పారబోసింది. మా అమ్మ మళ్లీ భవానిని దెప్పబోతే మాత్రం ఆగలేదు. "దాన్నేటీ అనకమ్మా, తప్పు నాదే" అన్నాను. ఆ ఒక్క పనికి భవాని అడ్డురాలేదు.

నెలలు గడిచాక కొత్త రిపోర్టు చూసి డాక్టరమ్మ మొహం విప్పారింది. "కణాలు బాగా వచ్చాయే! ఏం చేశారు?"

"ఏటీ సెయ్యనివ్వలేదండి" అంది భవాని.

కాబట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంటికి నేను ఎలాంటి సాయమూ చెయ్యను. ఒట్టు మాత్రం మా పాప మీద వెయ్యను. ఎంత కష్టపడి ఏమీ చెయ్యకుండా కన్నామో నాకు తెలుసు.