వెబ్‌సైట్‌లో తివాచీ వెనకవైపు

ఏలూరులో తివాచీలు నేయించే ఒక సాయిబుగారికి నేను వెబ్‌సైట్ చేసిపెట్టాను. అది తెరుచుకునేలోగా తాడేపల్లిగూడెం వెళ్లి రావచ్చని అనను. టీ మాత్రం తాగి రావచ్చు.

ఆయన దగ్గర మిగిలినవి రెండు మగ్గాలు. విశాఖపట్నంలో కొత్తగా కడుతున్న ఒక హోటల్ మేనేజరు, సోమవారం ఉదయం సైట్ చూసి తివాచీలు ఎంచుకుంటానన్నాడు. ఆ ఆర్డరు వస్తే రెండో మగ్గం ఆడుతుంది, రాకపోతే ఆగుతుంది.

ఆలస్యానికి కారణం ఫొటోలు. ఒక్కో తివాచీకి ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఈ పనిలో మంచిచెడ్డలు వెనకవైపు ముడులు చూసే చెబుతారు. అందుకని ప్రతి ముడీ కనబడేలా, కెమెరాలోంచి వచ్చిన సైజులోనే పెట్టించారాయన. శనివారం కూర్చుని అన్నింటినీ కుదించాను. పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. నా మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

సాయిబుగారు కళ్లజోడు పెట్టుకుని, ఫోనులో బొమ్మను వేళ్లతో పెద్దది చేశారు.

"ముడులేవండీ?"

"పేజీ తొందరగా తెరుచుకుంటోంది కదండీ."

"తెరుచుకుని మసక చూపిస్తోందండీ. ఇది చూస్తే మిషను మీద చేసిందంటారు."

"అసలు తెరుచుకోకపోతే ఏమంటారండీ?"

"తివాచీ కొనేవాడు తొందరపడడు బాబూ. మా కొట్లో అయితే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక్కోటీ తిరగేసి చూపిస్తాం."

"ఆ మేనేజరుకి టీ ఎవరిస్తారండీ?"

ఆయన నవ్వలేదు. ఆదివారం పాత ఫొటోలన్నీ మళ్లీ పెట్టించారు. పెట్టింది నేనే. పంతానికి పోయి, "మీ ఇష్టమండీ" అన్నాను. మా వైపు ఆ మాటకి కోపమొచ్చిందని అర్థం. అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు.

సోమవారం పదకొండింటికి మేనేజరు ఫోన్ చేశాడు. మూడుసార్లు ప్రయత్నించామని, పేజీ రాకపోయేసరికి వేరేచోట చెప్పేశామని, చాలా మర్యాదగా అన్నాడు.

శనివారమే చేయాల్సిన పని ఆ సాయంత్రం చేశాను. ముందు చిన్న ఫొటో. దాన్ని నొక్కితేనే, ముడులన్నీ కనిపించే పెద్ద ఫొటో. అరగంట పట్టింది. నా చదువుకి ఆమాత్రం తోచడానికి ఒక ఆర్డరు పోవాల్సి వచ్చింది.

సాయిబుగారు నొక్కి చూశారు. ముడులు వచ్చాయి.

"బాగుందండీ. ఇలా ముందే కుదిరేదాండీ?"

"కుదిరేదండీ."

ఆయన ఫోను నా చేతికిచ్చి, రెండో మగ్గం మీది పడుగు దారాలు విప్పేయమని లోపలున్న నేతపనివాడికి చెప్పారు.