నాలుగు పిన్నుల పాపం

నెల్లూరు వైపు కోట అనే ఊళ్లో దరియావలి ఫొటో స్టూడియోకి బోర్డు లేదు. గాలివానకు ఎగిరిపోయి నాలుగేళ్లయింది. అయినా ఎవరూ దారి తప్పరు. పాత ఫొటోకి ప్రాణం పోయాలంటే ఆయన దగ్గరికే రావాలని ఊరందరికీ తెలుసు. ఊరికి తెలియని సంగతేమిటంటే, ఆ పనితనంలో సగం ఆయనది, మిగతా సగం బల్లమీదున్న పదిహేడేళ్ల మానిటర్‌ది. దానిమీద చిలకపచ్చ కనిపిస్తే కాగితం మీదా చిలకపచ్చే పడుతుంది. కొత్త తెరలన్నీ మొహమాటానికి పొగిడే చుట్టాలని, ఇదొక్కటే ఉన్నమాట చెప్పే మేనత్తని ఆయన నమ్మకం.

ఆ మేనత్త ముందే రాఘవమ్మ మూడు మధ్యాహ్నాలు కూర్చుంది. వచ్చే శుక్రవారానికి ఆమెకూ పద్మనాభయ్యకూ పెళ్లయి యాభై ఏళ్లు. ఉన్నది ఒకే ఒక్క నలుపు తెలుపు పెళ్లి ఫొటో. దానికి రంగులు వేయించి ఆ రోజు భర్త చేతిలో పెట్టాలని ఆమె కోరిక.

“పీటలమీద ఆయన నన్ను చూసిందే లేదు దరియావలీ. పురోహితుణ్ణి చూస్తా కూచున్నాడు. నా కోక రంగేందో ఇప్పటికీ తెలవదు. ఇప్పుడన్నా చూడనీ.”

మూడోరోజు ఆమె తెరకు దగ్గరగా వంగి, “ఇదే పచ్చ. ఇంక దీన్ని కదిలించబాక” అని లేచింది.

మర్నాడే సీపీయూ కన్నుమూసింది.

దరియావలి తమ్ముడు అక్బర్ సూళ్లూరుపేటలో కంప్యూటర్ల కొట్టులో పనిచేస్తాడు. హార్డ్ డిస్కు తెప్పించుకుని, కొత్త సీపీయూలో బిగించి, మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టి బస్సులో వేశాడు. “కొత్త కార్డుకి నీ మానిటర్ వైరు పట్టదన్నా. మధ్యలో అడాప్టర్ కావాల. ఏది కొనాలో కనుక్కోని చెప్తా, ఆగు” అని ఫోన్ చేశాడు.

ఆగడం దరియావలికి రాని విద్య. నెల్లూరు పోయి, ఒకవైపు నీలం మూతి, ఇంకోవైపు వెడల్పాటి తెల్ల మూతి ఉన్న అడాప్టర్ తెచ్చాడు. నీలం వైపు మానిటర్ వైరు చక్కగా పట్టింది. తెల్ల వైపు మాత్రం కార్డులోకి దిగలేదు. పరీక్షగా చూస్తే, ఒక పక్కనున్న రేకు చుట్టూ నాలుగు చిన్న పిన్నులు ఎక్కువున్నాయి. కార్డులో వాటికి బెజ్జాలే లేవు.

వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. పట్టనిదాన్ని పట్టేలా చేయడం ఆ ఇంటి విద్య. దరియావలి భూతద్దం పెట్టుకుని, సన్నమూతి పటకారు తీసి, ఆ నాలుగింటినీ రొయ్యకు మీసాలు గిల్లినట్టు ఒక్కొక్కటే గిల్లేశాడు. అడాప్టర్ కొత్తల్లుడిలా దర్జాగా కూర్చుంది. భార్య మదార్‌బీని పిలిచి మరీ చూపించి స్విచ్ వేశాడు.

తెరమీద ‘నో సిగ్నల్’ అని వచ్చింది.

“పట్టింది గదా, మరి బొమ్మ రాదేం?” అంది మదార్‌బీ.

“కొత్తది. వేడెక్కాల.”

టీ తాగొచ్చినా వేడెక్కలేదు. సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, “నువ్వు పంపిన కార్డు చెడిపోయినట్టుంది” అన్నాడు. పిన్నుల మాట నోట రాలేదు.

“నేనే చూసి పంపినా గదన్నా. సరే, ఓనర్‌తో మాట్లాడతాలే. తిడతాడు. తిట్టనీ” అన్నాడు అక్బర్.

ఆ ‘తిట్టనీ’ దరియావలి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

బుధవారం, ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఫొటో ఫైలు పట్టుకుని శివ ఇంటర్నెట్ సెంటరుకు పోయాడు. అక్కడి కొత్త తెరమీద రాఘవమ్మ కోక ప్లాస్టిక్ ఆకులా మెరిసింది. దేన్ని నమ్మి ప్రింటు వెయ్యాలో తెలియక తిరిగొచ్చేశాడు.

గురువారం పొద్దున, హైస్కూల్లో కంప్యూటర్లు చెప్పే రేవతి ఏదో ఫ్రేము కోసం వచ్చింది. కార్డు పోయిందని చెబితే ఊరుకోలేదు. బల్ల వెనక్కి వెళ్లి, అడాప్టర్ ఊడదీసి వెలుతురుకు పట్టి చూసింది. దరియావలి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు.

“ఇక్కడి పిన్నులు ఏమైనాయన్నా?”

“కంపెనీవాడే అట్ట చేసినాడేమో మేడం.”

“పటకారు గాట్లు గూడా కంపెనీవాడే వేసిచ్చినాడా?”

లోపలినుంచి మదార్‌బీ అందుకుంది. “తనే కోసి, నన్ను పిలిచి మరీ చూపించినాడమ్మా. చేపలు గూడా అంత శ్రద్ధగా కొయ్యడు.”

రేవతి ఒక్కసారే నవ్వి ఆపేసింది. “ఈ నాలుగిట్లో ఒకటి ఎరుపు తెచ్చేది, ఒకటి పచ్చ, ఒకటి నీలం. నాలుగోది అవి లయ తప్పకుండా తాళం వేసేది.”

“అంటే రాఘవమ్మ పచ్చని నా చేత్తో నేనే గిల్లేసినా.”

ఆయన మొహం చూసి ఆమెకు జాలేసింది. “మీరు కొయ్యకపోయినా బొమ్మ వచ్చేది కాదులే అన్నా. ఈ కార్డు మాట్లాడేది డిజిటల్. మీ మానిటర్‌కి వచ్చింది పాత భాష. మధ్యలో మార్చి చెప్పేది ఉండాల. ఇది ఉత్త ప్లగ్గు, దానికేం తెలుసు పాపం.”

దరియావలికి సగం ప్రాణం లేచొచ్చింది. రేవతి సంచిలోంచి చిన్న తోక ఉన్న నల్లటి డబ్బా ఒకటి తీసింది. స్కూల్లో పాత ప్రొజెక్టర్‌కి తన లాప్‌టాప్ కలుపుకునేది దానితోనేనట. తోకను కార్డులోని మరో బెజ్జంలో పెట్టి, డబ్బాకు మానిటర్ వైరు తగిలించింది. మేనత్త ఒక్క క్షణం నల్లగా ఆలోచించి, కళ్లు తెరిచింది. పద్దెనిమిదేళ్ల రాఘవమ్మ చిలకపచ్చ కోకలో తలవంచుకుని కూర్చుని ఉంది.

“సోమవారం దాకా మీకాడే ఉంచుకోండి” అని రేవతి వెళ్లిపోయింది. ఆమె ఫ్రేము ఇవ్వడం మర్చిపోయానని ఆయనకు ఆమె సందు మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ప్రింటు ఆరకముందే ఫోన్ తీశాడు. “అక్బరూ, నీ కార్డు బంగారం. పాపం నాది” అని నాలుగు పిన్నుల కథంతా చెప్పేశాడు.

అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. “ఓనర్‌కి ఇంకా చెప్పలేదులే అన్నా. నీ చెయ్యి నాకు తెలవదా? రెండ్రోజులు ఆగి చూద్దామనుకున్నా.”

శుక్రవారం ఫొటో ఇవ్వడానికి దరియావలే స్వయంగా వెళ్లాడు. పద్మనాభయ్య దాన్ని వసారాలో వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఈ కోక నువ్వే కట్టుకున్నావా?”

“లేదు, పురోహితుడు కట్టుకున్నాడు” అంది రాఘవమ్మ.

ఆ ఏడాది రొట్టెల పండక్కి దరియావలి నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో రొట్టెలు పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ ఒక్కో కోరికకీ ఒక్కో రొట్టె; తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. నిజానికి ఆయన ముందుగా ఏమీ కోరుకోలేదు. అయినా ఇవ్వాలనిపించింది. ఎవరో ఆవిడ దగ్గరికొచ్చి అడిగింది.

“ఏం రొట్టన్నా ఇది? చదువుదా, ఉద్యోగందా?”

దరియావలి కాస్త ఆలోచించాడు. “తెలవక చెడగొట్టినా, తిట్టకుండా చెప్పేవాళ్లు దొరికే రొట్టె తల్లీ.”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, కొంగు పట్టింది.

“అయితే రెండియ్యి. ఒకటి మా ఆయనకి.”