రొయ్యల పచ్చడి మూడో దశ

బందరులో మా పక్కింటి అత్తయ్య తన పచ్చడి బావుందని ఎన్నడూ అనేది కాదు. "నేను చెప్పకూడదు, మీరే తిని చెప్పండి" అనేది.

మందుల ప్రయోగాల్లో నీ పనేమిటని ఓసారి నన్నడిగింది. ముందు ఆరోగ్యవంతులు కొందరికిచ్చి హాని లేదని చూస్తామనీ, తర్వాత కొద్దిమంది రోగుల్లో పనిచేస్తుందో లేదో చూస్తామనీ, ఆపైన మూడో దశలో చాలామందిని తీసుకుని సగంమందికి కొత్త మందు, సగంమందికి పాతది, ఎవరికేదో చెప్పకుండా ఇస్తామనీ గర్వంగా వివరించాను.

ఆ వేసవిలో గిలకలదిండి రేవు రొయ్యలతో కొత్తరకం పచ్చడి పెట్టింది. మొదట మావయ్య తిన్నారు, ఏమీ కాలేదు. జ్వరంపడి నోటికేదీ హితవు లేని ఇద్దరికి పెడితే మారు అన్నం అడిగారు. అప్పుడు వీధంతా సీసాలు పంచింది.

వారం తిని, "అత్తయ్యగారూ, దీని ముందు మీ పాతది దిగదుడుపేనండీ!" అన్నాను.

ఆవిడ పైటచెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "నీకిచ్చింది పాతదేనయ్యా" అంది.